మాటయు మనుష్యుని యారోగ్యమును
దుమ్ముగూడెపు సీమ చరిత్రనుండి కొన్ని విచారములు

మన దేశమున మాటను గూర్చిన సామెతలకు కొఱత లేదు. నోరు మంచిదైన నూరు మంచిదగునందురు. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదందురు. ఈ సామెతలను మనము పిల్లలకు బుద్ధి చెప్పుటకు మాత్రమే వాడుచున్నాము. మాటవలన మనస్సే గాక రక్తమాంసములతో గూడిన దేహము సైతము బాగుపడుటయు చెడుటయు గలదనియు, ఒక్కొక్కప్పుడు మాటచేత ప్రాణమే పోవుననియు తలచువారు తక్కువ. ఖమ్మము సరిహద్దునుండి భద్రాచలపు మన్యము వఱకు గోదావరికి రెండు ప్రక్కల నున్న యడవుల చరిత్ర యీ విషయమును మిక్కిలి స్పష్టముగా బోధించుచున్నది. ఆ చరిత్రను క్రైస్తవ దృష్టితో కొంత పరిశీలింప నుద్దేశించి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ సీమ పలుమార్లు చేతులు మాఱినది. భద్రాచలము తాలూకా 1860లో నిజాము ప్రభుత్వమునుండి ఇంగ్లీషువారికి వచ్చి, మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాలో కొంతకాలముండి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాతో కలిసెను. 1953లో వరంగల్లునుండి విడివడిన ఖమ్మము జిల్లాలో 1959లో అది చేరెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో మిగిలినది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమయ్యెను. పటముమీది గీత లిన్నిసార్లు మాఱినను అడవిలోని కోయలును, కొండరెడ్లును, వారి నడుమ వర్తకమునకును సేద్యమునకును వచ్చి స్థిరపడిన తెలుగువారును అచ్చటనే యుండిరి. ఇంటిలో కోయమాట, సంతలో తెలుగు, కచ్చేరీలో ఒకప్పుడు ఉర్దూ, ఒకప్పుడు ఇంగ్లీషు. గోండీభాషకు చుట్టమైన కోయమాట పలుకువానికి గుడిసె దాటినతోడనే తన నోరు తనకు పనికిరాదాయెను. తన కష్టమును తన మాటలలో చెప్పుకొన తావులేనివాడు సగము మూగవాడే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

తెలుగువారు కోయవానిని పిలుచు పిలుపును చూడుడు. మన్యమున వానిని ‘దొర’ యని పిలుచుట పూర్వాచారము. పిలుపు గౌరవమైనదే. కాని యాతనిని దొరా యని పిలిచిన షావుకారే విత్తనములకని కొలిచి యిచ్చిన ధాన్యమునకు వడ్డీమీద వడ్డీ కట్టి, తండ్రి యప్పుక్రింద కొడుకుచేత పని చేయించుకొనుచు వచ్చెను. 1940వ దశాబ్దమున ఈ కొండలలో సంచరించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫు, గోదావరి తీరపు కొండరెడ్లను గూర్చి 1945లో ప్రకటించిన గ్రంథమున నిట్టి ఋణబంధమును వర్ణించెను. కావున తియ్యని మాటయే మంచిమాట యనుకొనుట పొరపాటు. సత్యము లేని తియ్యదనము వినువానిని నిద్రపుచ్చునే గాని స్వస్థపఱచదు. మంచిమాట కుండవలసిన మొదటి గుణము మృదుత్వము గాదు, యథార్థత.

ఇక క్రైస్తవుల మాట యీ యడవికి వచ్చిన విధమును చెప్పుదుము. ధవళేశ్వరపు టానకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, గోదావరిని ఎగువకును నావామార్గముగా చేయవలెనని సర్ ఆర్థరు కాటన్ పట్టుదలతో వాదించెను. ఆ సంకల్పముతో 1860 ప్రాంతమున దుమ్ముగూడెముకడ నదిలోని రాతిమెట్టను దాటించుటకు ఆనకట్టయు, కాలువయు, లాకులును గట్టసాగిరి. ఆ పనిని నడపిన సైనికోద్యోగి ఫెలిక్సు థాకరే హేగ్. ఆయన వృత్తిచేత ఇంజనీరు, మతబోధకుడు గాడు. అయినను చుట్టుప్రక్కల కోయల దురవస్థ నాయన హృదయమున నాటుకొనెను. ఆయన సహవాసమున క్రైస్తవుడైన వెంకటరామరాజు పిమ్మట గురుపట్టమును పొంది కోయల నడుమనే పరిచర్య చేసెను. చర్చి మిషనరీ సంఘము వారు ఈ పనిని తమదిగా చేసికొనిరి. నావామార్గము ఫలింపలేదు, 1871లో ప్రభుత్వమువారు పనులను నిలిపివేసిరి. లక్షలు పోసి తలపెట్టిన నావామార్గము ఆగిపోయినది. పనివేళ ముగిసిన పిమ్మట ఆడిన మాట మాత్రము నిలిచినది.

ఆ తరువాత దుమ్ముగూడెమున చిరకాలము పనిచేసిన జాన్ కెయిన్ దొర కోయమాటను శ్రద్ధతో నేర్చుకొనెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి ఆయన 1876నుండి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్రాసిన వ్యాసములు నేటికిని కోయల చరిత్ర వ్రాయువారికి ఆధారములు. 1881లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలోను కోయలను గూర్చి వ్రాసెను. ఆయన తీర్పులన్నియు మనమొప్పుకొననక్కఱలేదు. ఆ కాలపు దొరల గర్వము వారి వ్రాతలలో లేకపోలేదు. అయినను ఒక విషయమున దుమ్ముగూడెపు బోధకులు సరియైన దారినే త్రొక్కిరి. దుఃఖితుని యోదార్చు మాట ఆతని మాతృభాషలోనే యుండవలెనని వారు గ్రహించిరి. పెంతెకొస్తు దినమున యెరూషలేమునందు కూడినవారు దేవుని కార్యములను ఎవరి భాషలో వారు వినిరని అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పుచున్నది. ఆ దినమున దేవుడు వినువారి నోళ్లను మార్చలేదు, చెప్పువారి నోళ్లను మార్చెను. శ్రమపడి భాష నేర్చుకొనవలసినవాడు ఆపదలోనున్నవాడు గాడు, ఆదరింపవచ్చినవాడు. ఈ న్యాయము నేటి వైద్యశాలలకును వర్తించును. కడుపునొప్పి యెట్టిదో, జ్వరమెన్నడు తగిలెనో తన భాషలో చెప్పుకొనలేని తల్లి యెదుట గొప్ప వైద్యుడైనను సగము గ్రుడ్డివాడగుచున్నాడు.

ఇంతవఱకు మేలుచేయు మాటను గూర్చి చెప్పితిమి. చంపు మాట కూడ నీ యడవిలో కలదు. మన్యమున దానిని చిల్లంగి యందురు. మైదానమున చేతబడి యనియు బాణామతి యనియు నందురు. పడుచువాడో పసిబిడ్డయో అకస్మాత్తుగా చనిపోయినచో, ఎవరో చిల్లంగి పెట్టిరను అనుమానము పుట్టును. వడ్డెనో మంత్రగానినో అడుగుదురు. ఒక పేరు బయటికి వచ్చును. ఆ పేరు సాధారణముగా దిక్కులేని విధవదో, నోరులేని వృద్ధునిదో యగును. అటుపైన నా మనిషికి నీళ్లు పోయువారుండరు, నిప్పిచ్చువారుండరు. ఈ నెపమున హత్యలు జరిగిన వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచునే యున్నవి.

ఇందలి విషాదమేమనగా, ఈ యడవిలో బిడ్డలను చంపిన పగవాడు చిరకాలము తెలియకపోవుట. మన్యపు జ్వరమునకు చెడుగాలి కారణమని ఇంగ్లీషువారును, చిల్లంగి కారణమని గూడెమువారును అనుకొనుచుండిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ జ్వరక్రిమిని రోగుల రక్తమునందు కనుగొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్ దానిని దోమ కడుపులో చూచెను. మన తెలంగాణమునందే బయలుపడిన యీ సత్యము భద్రాచలపు గూడెములకు నడచివచ్చుటకు ఎన్నియో యేండ్లు పట్టినది. చిల్లంగిమాట మాత్రము ఒక రాత్రిలో ఊరు చుట్టివచ్చును. అసత్యమునకు బండి యక్కఱలేదు. సత్యమును మాత్రము ఎవరో ఒకరు మోసికొని పోవలెను.

శాపమునకు నిజముగా బలము కలదా యని కొందఱడుగుదురు. అమెరికా దేశపు దేహతత్త్వవేత్త వాల్టరు కానన్ భయక్రోధములు దేహమున కలిగించు మార్పులను గూర్చి 1915లో నొక గ్రంథము ప్రకటించెను. 1942లో ఆయన యొక వ్యాసమున, శపింపబడితినని దృఢముగా నమ్మినవాడు మృతినొందుటకు కారణమేమై యుండునని విచారించెను. ఆయన తలంపున నా శాపములో మహిమ యేమియు లేదు. ఎడతెగని భయముచేత నరములు ఉద్రేకించును, గుండె వేగమెక్కును, ఆకలిదప్పులు నశించును, రక్తపుపోటు క్రమముగా పడిపోవును. దీనికి తోడు బంధువులును నిరుగుపొరుగువారును వానిని అప్పుడే చచ్చినవానివలె విడనాడుదురు. ఈ రెండును కలిసి మనుష్యుని నేలగూల్చునని కానన్ ఊహ. 2003లో ఐసెన్‌బర్గరు మొదలగు అమెరికా పరిశోధకులు, ఒక బంతియాటలో తన్ను వెలివేసిరని తలచినవాని మెదడును యంత్రముతో పరీక్షించి, దేహమునకు గాయమైనప్పుడు చలించు భాగములలో కొన్ని అప్పుడును చలించుటను గమనించిరి. మందువలన ఫలానా బాధ కలుగునని వైద్యుడు భయపెట్టిన రోగులలో ఆ బాధ హెచ్చుగా కనబడుటయు వైద్యశాస్త్ర మెఱిగినదే. కాబట్టి శాపమునకు శక్తి లేదు. శాపభయమునకును, వెలికిని శక్తి కలదు. ఆ శక్తి నిచ్చినది దయ్యము గాదు, ఊరివారి నాలుకలే.

ఇది యడవివారి మౌఢ్యమని పట్టణవాసులును, అన్యుల మౌఢ్యమని క్రైస్తవులును తప్పించుకొనరాదు. 1692లో అమెరికాలోని సేలమునందు నిత్యము బైబిలు చదువు క్రైస్తవులే, కొందఱు బాలికల మాట నమ్మి, మంత్రగాండ్రను నెపమున 19 మందిని ఉరితీసిరి. మన పొరుగున, భద్రాచలపు సరిహద్దు దాటగానే యున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమువారు 2005లో చేసిన చట్టము ప్రకారము ఒకరిని ‘టోనహీ’ యని, అనగా మంత్రగత్తె యని, నిర్దేశించుటయే నేరము. దానికి మూడేండ్ల వఱకు కఠినశిక్ష కలదు. చేయి ఎత్తకముందే, ఆ పేరు పెట్టిన నోటిని శిక్షించు ఈ చట్టమున గొప్ప వివేకమున్నదని మేము తలచుచున్నాము. దెబ్బకంటె ముందుగా మాట వచ్చును.

క్రైస్తవ వేదము ఈ వివేకమును బహుపూర్వమే చెప్పినది. యాకోబు తన పత్రికలో నాలుకను గుఱ్ఱపు కళ్లెముతోను, ఓడ చుక్కానితోను, అడవిని తగులబెట్టు చిన్న నిప్పుతోను పోల్చెను. వేసవిలో మోదుగాకులు రాలి యెండిన యడవిలో నిప్పురవ్వ యేమి చేయునో భద్రాచలపు వారికి మేము చెప్పనేల? సామెతల గ్రంథకర్త ఇంపైన మాటలు ఎముకలకు సైతము ఆరోగ్యమిచ్చుననియు, తెలివిలేని మాటలు కత్తిపోట్లవంటివనియు భావించెను. యేసుప్రభువు హత్యను గూర్చిన యాజ్ఞను వివరించునప్పుడు సహోదరుని తిట్టుటను ఆ యాజ్ఞక్రిందికే తెచ్చెను. తిట్టు చిన్న హత్య యని ఆయన యభిప్రాయము. ఇది యతిశయోక్తి యనుకొన్నవారు చిల్లంగి పేరుతో వెలివేయబడిన యొక వృద్ధురాలిని తలచుకొందురు గాక.

ఓదార్చుటకు వచ్చి గాయపఱచిన వారి కథ యోబు గ్రంథమున కలదు. ఆతని ముగ్గురు స్నేహితులు ఏడు దినములు ఏడు రాత్రులు ఆతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. అంతవఱకు వారు మంచి స్నేహితులే. పిమ్మట నోరు తెఱచి, నీ పాపమే నీ రోగమునకు కారణమని వాదింపసాగిరి. తుదకు దేవుడు యోబును గాక ఆ స్నేహితులనే మందలించెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా వీని తలిదండ్రులా యని శిష్యులడిగినప్పుడు, యేసు ఎవరును గారని చెప్పి ఆ ప్రశ్ననే త్రోసివేసెను. ఆ త్రోసివేసిన ప్రశ్న నేటి సంఘములలో మరల తలయెత్తుచున్నది. మంచమున పడియున్న రోగితో ‘నీకు విశ్వాసము చాలలేదు’, ‘నీ యింట నేదో పాపము దాగియున్నది’ అనువారు చిల్లంగి పేరు చెప్పు మంత్రగానికంటె ఎట్లు మేలైనవారో మాకు బోధపడదు. మంత్రగాడు పొరుగింటి ముసలిదానిని చూపును. వీరు రోగినే చూపుదురు. ఇద్దఱును రోగమునకు నేరస్థుని వెదకువారే.

దీనికి మాఱుగా మఱియొక తప్పు కూడ కలదు. మాట శక్తిగలదని విని, స్వస్థుడనైతినని నోట పలుకుచుండినచో స్వస్థత వచ్చి తీరుననియు, మందు పుచ్చుకొనుట అవిశ్వాసమనియు బోధించువారున్నారు. ఇది సువార్త గాదు, మంత్రమే. మంత్రమునందు మాట తనంతట తానే పనిచేయవలెను. ప్రార్థనయందు మాట తండ్రి చెవిని బడి, ఆయన చిత్తమునకు లోబడును. మలేరియా క్రిమి మన మాట వినదు. దానికి మందే కావలెను. చలిని వణకు నాకొన్నవానిని చూచి వస్త్రమన్న మీయక దీవించి పంపుటవలన ప్రయోజనమేమని యాకోబే యడుగుచున్నాడు. మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టి, రోగిని తన పశువుమీద నెక్కించి, సత్రపువానికి ఖర్చు చెల్లించెను. కథ యంతటిలో నాతడాడిన మాటలు సత్రపువానితో నాడిన నాలుగు మాత్రమే. పౌలు సువార్తికుడైన లూకాను ప్రియవైద్యుడని పేర్కొనెను. ఆ వైద్యము మానుకొమ్మని యెచ్చటను చెప్పలేదు.

మఱి దుఃఖమున నున్నవాడే నోరు తెఱచి నిష్ఠురములాడిన నెట్లు? వానిని వారింపవలెనా? ఈ ప్రశ్నకు భద్రాచలమే యొక యుత్తరము చెప్పుచున్నది. పాల్వంచ తహశీలుదారుగా నుండిన కంచర్ల గోపన్న, తానీషా చెఱసాలలో బాధలు పడుచు, తాను కొలిచిన రాముని చేయించిన నగలను లెక్కపెట్టి దెప్పుచు పాడి, ఆ పాటలోనే మరల క్షమాపణ వేడుకొనెను. మతభేద మెట్లున్నను, ఆ పాటను వినిన క్రైస్తవునకు దావీదు మొదలగువారి విలాప కీర్తనలు తలపునకు రాకమానవు. వారును దేవుని ఎందుకు మఱచితివని యడిగిరి. బైబిలు ఆ ప్రశ్నలను కొట్టివేయక ఆరాధనలోనే యుంచెను. లోన కుమిలిన దుఃఖము దేహమును తినివేయును. పైకి చెప్పుకొన్న దుఃఖము కొంత తేలికపడును. కావున ఏడ్చువానిని ‘ఏడ్వకుము, విశ్వాసివి గదా’ యని కసరుట ఓదార్పు గాదు. వినుట కూడ మాటలోని సగభాగమే.

పసివారి విషయమున మన మాటలు మఱింత జాగ్రత్తగా నుండవలెను. బిడ్డలు పుట్టి పోవుచుండిన యిండ్లలో, మృత్యువు కన్ను పడకుండుటకై పెంటయ్య యనియు పుల్లయ్య యనియు పేరు పెట్టుట మన యాచారము. తలిదండ్రుల ప్రేమచేత పెట్టినదైనను ఆ పేరును ఊరి పెద్దలు ఎగతాళిగా పిలుచుచుండిరి. క్రైస్తవులైన బీదకులములవారు బిడ్డలకు యోహాననియు రూతనియు పేర్లు పెట్టుకొనుటకు భక్తితోబాటు ఆత్మగౌరవమును కారణమై యుండునని మా నమ్మకము. పాఠశాలలోను ఇట్లే. కోయమాట పలికిన పిల్లవానిని మొద్దని పిలిచినచో వాడు కొన్నాళ్లకు మాటాడుటయే మానును. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ప్రారంభించినప్పుడు కోయభాషయు అందు చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటనే గాక మానసికముగ వేధించుటను సైతము నిషేధించినది. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము దళితులను, గిరిజనులను నలుగురిలో నవమానించుటను నేరముగా నెంచినది. చట్టము గుర్తించిన గాయమును ధర్మము గుర్తింపకుండుట సిగ్గుచేటు.

ఇంతమాత్రమున క్రైస్తవుడు ఎల్లప్పుడు మెత్తగానే మాటాడవలెనని మేమనుట లేదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో వేదనాయకము శామ్యూలు అజరయ్య, దొరలు ఈ దేశమునకు ధనమును త్యాగమును ఇచ్చిరి గాని స్నేహము నీయలేదని ముఖాముఖిగా చెప్పెను. కొందఱు నొచ్చుకొనిరి. అయినను ఆయన అడిగినది పగ గాదు, స్నేహము. 1912లో ఆయన దోర్నకలునకు బిషప్పై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడయ్యెను. పిదప దుమ్ముగూడెపు సంఘమును ఆయన మేత్రాసనములో చేరినది. శస్త్రవైద్యుని కత్తియు హంతకుని కత్తియు ఒకే యినుముతో చేయబడును. భేదము చేతిలో నున్నది. ప్రేమతో చెప్పిన కఠినసత్యము కుళ్లును తీసివేయును. ద్వేషముతో చెప్పిన సత్యమైనను చీమునే పెంచును.

కావున ఈ సీమలోని సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు. ఊరిలో ఎవరిపైనైనను చిల్లంగి యను మాట పుట్టినచో, ఆ పేరుగల మనిషి యింటికి ఆ సాయంకాలమే కాపరియు పెద్దలును పోయి, ఆ యింట నీళ్లు త్రాగి రావలెను. వెలికి అదియే విఱుగుడు. జ్వరము వచ్చిన బిడ్డకు ప్రార్థన చేసిన నోటితోనే ఆసుపత్రికి త్రోవ చెప్పవలెను. వీలైనచో వెంట నడువవలెను. రోగియెదుట కారణములు వెదకుట మానవలెను. 2005 పిమ్మట ఛత్తీస్‌గఢ్ కల్లోలములనుండి పాఱివచ్చి యీ యడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయలను పరాయివారని తఱుమక, వారి మాటలలో నాలుగైనను నేర్చుకొనవలెను. ఆడువారిని, పాలేరులను, పసివారిని ‘ఒసే’, ‘ఒరే’ యనక పేరుపెట్టి పిలువవలెను. వీనిలో నేదియు ధనముతో పని లేనిది. ధనవంతులకు దొరకి బీదలకు దొరకని మందు గాదు.

ఆదియందు దేవుడు మాటతో లోకమును చేసెనని మన వేదము. ఆ మాటయే దేహము ధరించి మన మధ్య నివసించెనని మన విశ్వాసము. మాట దేహమును ధరింపగలిగినప్పుడు దేహమును తాకకుండునా? మన నోటినుండి ప్రతిదినము బయలువెడలు మాటలును ఎవరి దేహముననో నివసించుచునే యున్నవి. ఒకరిలో నిద్రగా, ఒకరిలో జ్వరముగా. దేనిని పంపవలెనో పంపువాడే నిర్ణయించుకొనవలెను.